ఎయిర్ పిస్టల్: గేజి 120 దిగితే గుళ్లు కిందికి జారుతున్నాయి

కర్నూలులో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తున్నా. గాలి సిలిండర్ పిస్టల్, 4.5 మి.మీ. వాడ్‌కట్టర్ పెల్లెట్లు (చదును తల గుళ్లు). సిలిండర్ 200 బార్ (గాలి పీడనం కొలత) నింపితే మొదట్లో అన్నీ టార్గెట్ నడిమి పది వలయంలోనే పడతాయి, అది ఉన్నదే 11.5 మి.మీ. వెడల్పు. పీడనం చూపే గేజి 120కి దిగేసరికి ఒక్కొక్కటే కిందికి జారి ఎనిమిదిలో పడుతున్నాయి. పక్కలకు మాత్రం వెంట్రుకవాసి కదలవు. చెయ్యి వణుకంటారేమో, వైస్‌కు (బల్ల పట్టుకారుకు) బిగించి కాల్చినా అదే వరస. 4.49, 4.50 పెల్లెట్ తల సైజులు రెండూ చూశా, ఫెల్ట్‌తో బారెల్ తుడిచా, సైట్ స్క్రూలు బిగించా. మా ఎండల వల్లనేమోనని తెల్లవారుజామున కూడా చూశా, తేడా లేదు. సబ్బునీళ్లు రాస్తే బయట ఎక్కడా బుడగ రాలేదు.

మళ్లీ 200 నింపితే బుద్ధిగా పదిలోకే వస్తుంది. నాకైతే రెగ్యులేటర్ (సిలిండర్‌లో పీడనం తగ్గినా ప్రతి గుండుకూ ఒకే పీడనం అందించే భాగం) మీదే అనుమానం. ఇలా పీడనంతో పాటే గుళ్లు దిగితే చెడింది రెగ్యులేటరా, ట్రిగ్గర్ నొక్కగానే గాలి వదిలే ఫైరింగ్ వాల్వా? విప్పకుండా తేల్చుకునేదెలా?