ఎండతో హైడ్రోజన్: ఉత్ప్రేరకం పలకలా, సోలార్ ప్యానెళ్లా?

నీటిచుక్క:
అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. అదీ సోలార్ లాంటి పునరుత్పాదక కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే పద్ధతే. ఎండ తగిలితే చాలు నీటిని విడగొట్టే ఉత్ప్రేరకాలు ఉన్నాయి కదా, మధ్యలో ప్యానెళ్లు, ఎలక్ట్రోలైజర్లు (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రాలు) ఎందుకండీ? జపాన్‌లో ఫుజిషిమా, హోండా 1972లోనే టైటానియం డయాక్సైడ్‌తో దారి చూపించారు.

లెక్కలమాస్టారు:
చూపించారు, కాదనను. దిగుబడి చూడండి మరి. టోక్యో విశ్వవిద్యాలయం బృందం 100 చదరపు మీటర్లలో పెట్టిన ఉత్ప్రేరకం పలకలు (2021లో ప్రకటించారు) ఎండలోని శక్తిలో మహా అయితే 0.76 శాతాన్నే హైడ్రోజన్‌గా మార్చాయి. మార్కెట్లో దొరికే సోలార్ ప్యానెల్ 20 శాతాన్ని కరెంటుగా ఇస్తుంది. ఎలక్ట్రోలైజర్‌లో మూడో వంతు పోయినా 13 మిగులుతుంది. అంత హైడ్రోజన్ కోసం మీ పలకలు పదిహేడింతల స్థలంలో పరవాలి. ఆ భూమి ఎవరిస్తారు?

నీటిచుక్క:
మాస్టారూ, వాళ్లు వాడిన ఉత్ప్రేరకం స్ట్రాన్షియం టైటనేట్ అతినీలలోహిత కిరణాలనే పట్టుకుంటుంది. ఎండలో అవి ఉండేదే కొంచెం. కంటికి కనిపించే వెలుతురును కూడా పట్టే పదార్థం కుదిరితే ఈ లెక్క నిలవదు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ తయారుచేసిన సిలికాన్ సోలార్ సెల్ ఇచ్చింది 6 శాతమే. అప్పుడు వదిలేసి ఉంటే?

పైపులైన్:
శాతాల గొడవ పక్కన పెట్టండి, గ్యాస్ పోగేసేదెలా? టోక్యో వాళ్లవి 25 సెంటీమీటర్ల పలకలు, మొత్తం 1,600. ప్రతి దాంట్లోంచీ హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసే వస్తాయి. రవ్వ పడితే ఢామ్మంటుంది. అందుకే గాజుకూ ఉత్ప్రేరకానికీ మధ్య 0.1 మిల్లీమీటరు సందే ఉంచారు. తర్వాత సన్నటి పొర గుండా హైడ్రోజన్‌ను వేరు చేశారు. కావాలని అంటించి కూడా పరీక్షించారు, ఏం కాలేదు. మెచ్చుకోవాల్సిందే. కానీ వందల ఎకరాల్లో ఎన్ని అతుకులు, ఎన్ని లీకులు? కరెంటైతే తీగ మీద వచ్చేస్తుంది, గ్యాస్ ఒక్క షెడ్డులోనే పుడుతుంది.

నీటిచుక్క:
కలిసే రావాలని ఏముంది? ఫుజిషిమా ప్రయోగంలో ఆక్సిజన్ టైటానియం డయాక్సైడ్ దగ్గర, హైడ్రోజన్ ప్లాటినం దగ్గర వచ్చాయి.

పైపులైన్:
నిజమే. కానీ టైటానియం డయాక్సైడ్ కూడా పట్టేది ఆ అతినీలలోహితాన్నే. మామూలు వెలుతురును బాగా పట్టే సిలికాన్ లాంటివాటిని నీళ్లలో ముంచితే పైపొర పాడైపోతుంది. ప్యానెల్‌లో ఆ సిలికాన్ గాజు వెనక పొడిగా ఉంటుంది కాబట్టే కంపెనీలు 25 ఏళ్ల గ్యారంటీ ఇస్తున్నాయి. నీళ్లలో మునిగి ఎండను పట్టి పనిచేసే అలాంటి పలకకు (ఎలక్ట్రోడ్‌కు) కనీసం పదేళ్లు రాసిచ్చేవాళ్లుంటే చెప్పండి, మాట్లాడుకుందాం.