కామ్, కంపోజ్డ్, కేర్‌ఫ్రీ: అన్నిటికీ ‘ప్రశాంతం’ సరిపోదు

ఇంగ్లీషులో కామ్ అన్నా ప్రశాంతమే, సెరీన్ అన్నా ప్రశాంతమే, కంపోజ్డ్ అన్నా ప్రశాంతమే, తెలుగు అనువాదంలో వేరే మాట దొరకట్లేదు అని అడిగారు కదండీ. దొరుకుతాయి. కాకపోతే నిఘంటువు తెరిచే ముందు ఆ వాక్యంలో ఒక సంగతి చూసుకోవాలి: అక్కడ అలజడి ఉందా, లేదా? అలజడే లేని చోటికి ఒక రకం మాటలున్నాయి, చుట్టూ గొడవ జరుగుతున్నా చెదరని మనిషికి ఇంకో రకం, అసలు దేన్నీ పట్టించుకోని మనిషికి మరో రకం. మనం అన్నిటినీ ఒకే గాట కట్టేస్తున్నాం.

మొదటి రకం చాలావరకు ఆకాశం నుంచీ నీళ్ల నుంచీ వచ్చినవే. సెరీన్‌కి మూలమైన లాటిన్ మాటకి మబ్బుల్లేని ఆకాశం అని అర్థం, అందుకే దానికి ‘నిర్మలం’ అతికినట్టు సరిపోతుంది. కామ్ నావికుల మాట. 1805లో బ్యూఫర్ట్ అనే నౌకాదళ అధికారి గాలి వేగానికి ఒక కొలమానం తయారు చేశాడు, ఇప్పుడు వాడుతున్న దాంట్లో సున్నా దగ్గర ఉండేది ఈ కామే, అంటే పొగ నిటారుగా పైకి లేచేంత నిశ్చలం. ఇంకా వెనక్కి వెళ్తే ఎక్కువమంది పండితులు దీన్ని గ్రీకులో ‘మండే వేడి’ అనే మాట దగ్గరికి తీసుకెళ్తారు: ఎండ నడినెత్తికొచ్చాక పనులు ఆపేసి అందరూ నీడకు చేరే వేళ, ఆ వేళ ఉండే నిశ్శబ్దం, ఆ తర్వాత గాలి పడిపోయిన సముద్రం, చివరికి మనసు. ఆకు కూడా కదలని మే నెల మధ్యాహ్నాలు ఎరిగిన మనకి ఈ దారి కొత్తగా ఏమీ అనిపించదు. వేడిలోంచి పుట్టిన మాటని ఇప్పుడు ‘కూల్’ పక్కన పెట్టి వాడుతున్నారు, భాష ఎంత దూరం నడుస్తుందో చూడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. సంభాషణల్లో కామ్‌ని అలాగే వదిలేస్తే పొరపాటు అర్థం వస్తుంది. మన వాడుకలో ‘కామ్‌గా ఉండు’ అంటే మాట్లాడకుండా ఉండు అని. ‘అన్నీ విని కామ్‌గా వచ్చేశాడు’ అంటే వాడి మనసులో ప్రశాంతత ఉందని ఎవరూ అనుకోరు, లోపల రగిలిపోతూ ఉండొచ్చు.

నేను గట్టిగా పట్టుబట్టేది రెండో రకం దగ్గర. 1939లో బ్రిటన్ ప్రభుత్వం వేయించిన ‘కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్’ పోస్టర్ అందరూ చూసే ఉంటారు. బాంబులు పడతాయన్న భయంతో సుమారు 24 లక్షల ప్రతులు అచ్చు వేయించి, ఆ రోజుల్లో దాదాపు ఎక్కడా అతికించలేదు, 2000లో ఒక పాత పుస్తకాల కొట్లో బయటపడ్డాకే దానికి ఇంత పేరొచ్చింది. దాన్ని ‘ప్రశాంతంగా ఉండండి’ అని రాస్తే ధ్యానం క్లాసు బోర్డులా ఉంటుంది. నెత్తిన విమానాలు తిరుగుతుంటే మనిషికి కావలసింది నిబ్బరం. ‘నిబ్బరంగా ఉండండి, మీ పని మానకండి’ అంటే ఆ పోస్టర్‌లో ఉన్న మాట తెలుగులోకి వచ్చినట్టు.

అన్‌ఫ్లాపబుల్‌కీ, అంటే దేనికీ కంగారు పడని మనిషికీ, నిబ్బరమే సరైన మాట. ‘ఫ్లాప్’ అంటే బ్రిటన్ సైనికుల యాసలో కంగారు, హడావిడి. 1958 జనవరిలో బ్రిటన్ ప్రధాని మాక్మిలన్ ప్రభుత్వం నుంచి ఆర్థిక శాఖ మంత్రులు ముగ్గురూ ఒకేసారి రాజీనామా చేస్తే, ఆయన అవి చిన్న చిన్న ఇంటి ఇబ్బందులన్నట్టు మాట్లాడి ముందే అనుకున్న విదేశీ పర్యటనకి వెళ్లిపోయాడు. అన్‌ఫ్లాపబుల్ అనే విశేషణం ఎక్కువగా ఆయనకే అంటుకుంది. ఈక్వనిమిటీ మాత్రం కొంచెం వేరు. లాటిన్‌లో ‘సమమైన మనసు’ అనే దాని నిర్మాణం, గీతలో ‘సమత్వం’ చదివినవాళ్లకి వివరం అక్కర్లేదు. 1889లో ఆస్లర్ అనే వైద్యుడు పెన్సిల్వేనియాలో చదువు ముగించుకున్న వైద్య విద్యార్థులకి ఈ గుణం గురించే చెప్పాడు. ‘సమచిత్తం’ అందామా అంటే గ్రంథాల్లో బాగుంటుంది, కథలో డాక్టరు గురించి రాసేటప్పుడు ‘తొణకడు బెణకడు’ అంటేనే ప్రాణం ఉంటుంది.

మూడో రకానికి వస్తే, ఇంగ్లీషులో చింత లేకపోవడం మెల్లగా తప్పు వైపు జారుతుంది. కేర్‌ఫ్రీ మంచి మాట, కేర్‌లెస్ తిట్టు. ఏదీ పట్టనట్టుండే నాన్‌షలెంట్‌కి మూలార్థం లోపల వేడి పుట్టకపోవడం, అంటే చీమ కుట్టినట్టయినా లేకపోవడం. అన్నిటికంటే నాకు నచ్చేది సెక్యూర్ కథ. లాటిన్‌లో ‘సె’ అంటే లేకుండా, ‘కూరా’ అంటే చింత, అక్షరాలా మన నిశ్చింతే! షేక్‌స్పియర్ కాలంలో దానికి ‘ఏమరుపాటు’ అనే అర్థం కూడా ఉండేది, అందుకే ఆయన మాక్బెత్ నాటకంలో సెక్యూరిటీని మనిషికి పెద్ద శత్రువుగా చెబుతారు. దాన్ని ‘భద్రత’ అని అనువదిస్తే ఆ మాటకి తలా తోకా ఉండదు. ఇప్పుడు ఆ పదం చాలావరకు మనసుని వదిలేసి తాళాలకీ పాస్‌వర్డులకీ అంకితమైపోయింది. మన నిశ్చింత మాత్రం మనసులోనే ఉండిపోయింది.

కేర్‌ఫ్రీకి ఏం రాయాలని కూడా అడిగారు. ‘చీకూచింతా లేని’ ఎక్కడైనా నడుస్తుంది. తెలంగాణ నేపథ్యం ఉంటే ‘ఏ రంధీ లేకుండా’ అనండి, కామ్‌కి కూడా ‘నిమ్మళంగ’ ఎంత బాగుంటుందో. ఉత్తరాంధ్ర, రాయలసీమ వైపు ఇళ్లలో ఏమంటారో అక్కడివాళ్లు కింద రాయండి, ముఖ్యంగా పెద్దవాళ్ల నోట విన్నవి.