ఆరెంజ్ అలర్ట్ ఉంటే ఏజెన్సీ ఘాట్ రోడ్లు మూసేయాలా?

ఎంవీపీ కాలనీవాసి: అల్పపీడనం వచ్చినా లెక్కచేయకుండా మన వైజాగ్ కుర్రాళ్లు వంజంగి, లంబసింగి అంటూ బయలుదేరిపోతున్నారు. ఆరెంజ్ అలర్ట్ ఉన్న రోజు పర్యాటకుల బండ్లని ఘాట్ కిందే ఆపేయాలి, ఆ మాటే కలెక్టర్‌కి అర్జీ రాస్తాం. గెడ్డ, అంటే కొండవాగు, పొంగడానికి మన నెత్తిన వాన పడక్కర్లేదు, పైన ఎక్కడో గంటసేపు కుండపోత కురిస్తే కింద ఎండ కాస్తుండగానే నీళ్లు వచ్చేస్తాయి. పది చదరపు కిలోమీటర్ల కొండ మీద 100 మిల్లీమీటర్లు పడితే అది 100 కోట్ల లీటర్లు. కొండ వాలులో నేల ఎంతని పీలుస్తుంది? మిగతాదంతా గెడ్డలోకే.

అరకు జీపు: మూసేయమనడం సులువే సార్. మాకు సీజన్ మొదలయ్యేది అక్టోబర్‌లో, బంగాళాఖాతంలో తుపాన్లు వచ్చేదీ అప్పుడే. అలర్ట్ వచ్చిన ప్రతిసారీ గేటు వేస్తే బండి కిస్తీ ఎవరు కడతారు? దసరా సెలవుల్లో ఆపేశారు, చుక్క పడలేదు, అడ్వాన్సులన్నీ తిరిగిచ్చేశాను.

రాడార్ రావు: ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే చర్య తీసుకోమని. మూస్తే రెడ్‌కి మూయాలి.

గాజువాక కుర్రోడు: పోయిన ఆదివారం వెళ్లొచ్చాం, ఏమీ కాలేదు.

ఎంవీపీ కాలనీవాసి: రావు గారూ, జిల్లా మొత్తానికి ఒకే రంగు ఇస్తారు. ఏ గెడ్డ మీద పడుతుందో ఆ రంగు చెబుతుందా?

రాడార్ రావు: చెప్పదు, కానీ వాతావరణ శాఖకి లెక్క ఉంది. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. మెరుపు వరదల ముప్పుని 6 గంటల ముందు, 24 గంటల ముందు అంచనా వేసే పద్ధతి కూడా 2020 నుంచి ఉంది. కైలాసగిరి రాడార్‌కి కొండలు అడ్డొస్తాయి, లోయల్లో తక్కువ ఎత్తున జరిగేది సరిగా దొరకదు. అందుకే పైన వర్షమాపకాలు పెంచాలంటాను. అయినా ఆరెంజ్‌కి మూయడం తప్పే.

గెడ్డవతల: నిన్నటి నుంచి చదువుతున్నాను. వచ్చిపోయేవాళ్ల గురించి తప్ప అక్కడ ఉండేవాళ్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మాది పెదబయలు వైపు గూడెం. మా వదినకి నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకెళ్లాం, గెడ్డ పొంగి ఉంది, అంబులెన్స్ అవతల గట్టున ఆగిపోయింది, వానలో ఇవతలే కాన్పు అయిపోయింది. ఫోన్‌కి అలర్ట్ వస్తుందంటారు, మాకు సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి. వచ్చినా ఏం చేస్తాం? సంత అవతల, రేషన్ అవతల.

ఎంవీపీ కాలనీవాసి: నేను ప్రాణాల గురించే మాట్లాడుతున్నాను, నన్ను దోషిని చేయకండి. మా అన్నయ్య కొడుకు అనంతగిరి దగ్గర కాజ్‌వే దాటబోయి కారుతో సహా కొట్టుకుపోయాడు. అడుగు లోతు పారే నీళ్లు చాలు చిన్న కారుని తోసేయడానికి. ఊరివాళ్లు తాడేసి లాగారు కాబట్టి బతికాడు. గేటు వేసి ఉంటే అసలు అక్కడిదాకా వెళ్లేవాడే కాదు!

గెడ్డవతల: గేటు వేస్తే మీ అబ్బాయి ఇంట్లో క్షేమంగా ఉంటాడు. తాడేసినవాడు సాయంత్రం అదే కాజ్‌వే దాటి ఇంటికి పోవాలి కదా బాబూ. మీకు వాన ఒక్క రోజు ప్రయాణం మానుకోవడం, మాకు నాలుగు నెలలు దారి లేకపోవడం. నేను గేటుకి అడ్డం కాదు. గేటు వేసి, జాగ్రత్తలు తీసుకున్నామని చెప్పి, మా వంతెనల ఊసు మర్చిపోతారేమోనన్నదే నా కోపం.

ఎంవీపీ కాలనీవాసి: వంతెనలన్నీ కట్టేసరికి ఏళ్లు పడుతుంది. ఈ వర్షాకాలం సంగతేంటి?

గెడ్డవతల: ప్రతి కాజ్‌వే దగ్గర లోతు గుర్తులు వేసిన స్తంభం పాతండి. నీళ్లు గుర్తు దాటితే గొలుసు అడ్డం కట్టడానికి ఆ ఊరివాడినే జీతం ఇచ్చి పెట్టండి. నెలలు నిండినవాళ్లని అలర్ట్ రాగానే, గెడ్డ పొంగకముందే, ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి.

అరకు జీపు: గొలుసు కడితే మేమూ ఆగుతాం. దానికి రంగుతో పని లేదు, నీళ్లు కళ్లకి కనిపిస్తాయి.

ఎంవీపీ కాలనీవాసి: రాత్రిపూట కనిపించవు. కొండచరియ జారితే గొలుసు ఏం చేస్తుంది? గేటు కూడా ఉండాల్సిందే, నేను మాట మార్చను.

గెడ్డవతల: ఉండనివ్వండి. కలెక్టర్‌కి అర్జీ రాస్తామన్నారుగా, అందులో గొలుసు మనిషి జీతం, మా గెడ్డ మీద వంతెన ముందు రాయండి, గేటు మూడోది. అలాగైతే మా ఊరంతా సంతకం పెడతాం.