సమస్య: పండుకంటె గింజ పండె ముందు

నిర్వాహకుడు: మార్చిలో కాశీబుగ్గ దాటాక ఒక జీడితోట దగ్గర బస్సు ఆగింది. కొమ్మకు సన్నటి తొడిమ, దాని కొసన నిండా ఎదిగిన పచ్చి పిక్క. పండు జాడే లేదు. అక్కడే తోచిన పాదమిది. పూరించండి.

పలాస కోడలు:

పూత రాలి నిలువ బుల్లిపిక్క మొదట
తొడిమ పిదప నుబ్బి దోర బడగ
మురిసె నేడు చూడ ముంతమామిడి కొమ్మ
పండుకంటె గింజ పండె ముందు

బాపట్ల మాస్టారు: అమ్మా, రెండో పాదానికి నమస్కారం. మనం పండు అనుకుని తినేది ఉబ్బిన తొడిమ, అసలు కాయ పిక్కే. ఆ సంగతిని నాలుగు మాటల్లో ఇమిడ్చారు. మూడో పాదంలో 'నేడు చూడ' మాత్రం వ్యర్థపదం. గణాలు నింపడానికే పనికొచ్చింది. నా పూరణ:

తీయనేది? మెడకుఁ దీరైన దేదిరా?
నాటనేది వలయు? నాన్న చేను
ఏమి చేసె? వినుమ! యెటు చూచి నడవాలి?
పండు, కంటె, గింజ, పండె, ముందు

మడగావ్ మిత్రుడు: మాస్టారూ, 'కంటె'ను మెడలో వేసిన తీరు అద్భుతం. అయితే ఇలా ప్రశ్నలడిగి చివర వరుసగా జవాబులిచ్చే మీ క్రమాలంకారాలు ఈ ఏడాది ఎన్నయ్యాయో లెక్కపెట్టుకోండి. పైగా 'నడవాలి' అనే వాడుకమాట పద్యంలో ఎలా ఒప్పుతుంది? నాది చూడండి:

నీరు పిండి కాచి నింపిరి ఫెనీని
కొండ వాలులందు గోవవారు
పండు వలదు మనకు, పారవేసెద మయ్యొ
పండుకంటె గింజ పండె ముందు

ఇక్కడ పండ్ల రసాన్ని పులియబెట్టి ఒకసారి కాస్తే ఉర్రాక్, రెండోసారి కాస్తే ఫేని అనే సారా. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన వైపు పిక్క తెంపుకుని పండును చెట్టు కిందే వదిలేస్తాం. మనకు డబ్బు పండించేది గింజ ఒక్కటే. 'పండె'ను ఆ అర్థంలో తీసుకున్నాను.

బాపట్ల మాస్టారు: భావం బాగుంది నాయనా. కానీ మొదటి పాదం చివర జగణం (లఘువు, గురువు, లఘువు) పడింది, ఆటవెలదిలో అది చెల్లదు. వ్యాఖ్యలో 'ఫేని' అని సరిగ్గా రాసి, పద్యంలో 'ఫెనీని' ఎందుకన్నావు? 'నింపిరి ఫేనిని' అంటే సరిపోయేది.

మడగావ్ మిత్రుడు: ఒప్పుకుంటున్నాను, దిద్దుకుంటాను. మీరూ ఒకటి దిద్దాలి. సంక్రాంతి పూరణలో చాకలి బట్టల మీద జీడిమామిడితో గుర్తు పెట్టాడని రాశారు. అది నల్లజీడి మాస్టారూ! మన అడవుల్లో పుట్టిన చెట్టు. జీడిమామిడిని 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చారు. మామిడితో కలిపి మూడూ ఒకే కుటుంబమే గానీ, ఒకదాని పని ఇంకోదానికి అంటగట్టకూడదు. అప్పుడే చెప్పాను, మీరు పట్టించుకోలేదు.

బాపట్ల మాస్టారు: రెండిటి రసమూ ఒళ్ళు పొక్కిస్తుంది కదా అని ఒకటే అనుకున్నాను. తప్పు నాదే.

పలాస కోడలు: పొక్కించడం నిజమే. మా అత్తగారు పిక్కలు కొట్టేటప్పుడు చేతులకు బూడిద రాసుకునేవారు. అయినా వేళ్ళు నల్లబడేవి, తొక్క ఊడేది. పిక్క పెంకులోని ఆ నూనె రంగుల్లోకి, బండ్ల బ్రేకుల్లోకి పోతుందట. చేతులు కాలినా పప్పు మాత్రం గుండుగానే రావాలి. బద్ద అయితే ధర పడిపోతుంది.

మాస్టారూ, 'నేడు చూడ' గురించి ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో మా తోట మొత్తం వేళ్ళతో లేచిపోయింది. ఏళ్ళ తరబడి కాసిన చెట్లు తెల్లారేసరికి లేవు. మళ్ళీ అంట్లు నాటాం. వాటికి మొదటి పిక్క కనబడిన రోజు నేను తోటలోనే ఉన్నాను. ఆ రోజే నా పద్యంలో 'నేడు'. అది గణాల కోసం వేసింది కాదు.

బాపట్ల మాస్టారు: అమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. 'నేడు చూడ' కదపవద్దు. ఆ లెక్కన వ్యర్థపదం నా 'వినుమ'యే. 'నడవాలి'తో పాటు దాన్నీ తీసేసి, మూడో పాదం ఇలా మార్చుకున్నాను:

ఏమి చేసె నీట? నెటు సాగు నడకయో?

మడగావ్ మిత్రుడు: ఇప్పుడు కుదిరింది మాస్టారూ. అక్కా, ఆ అంట్లకు ఈ ఏడు కాపు ఎలా ఉంది?

పలాస కోడలు: పూత బాగా నిలిచింది తమ్ముడూ. మొదటి బస్తా పిక్కలు ఎండబోశాం.