అల తిరిగొచ్చిందా, తిరగబడి వచ్చిందా?

మిర్యాలగూడ నుంచి ప్రశ్న:
మా అమ్మాయి ఇంటర్ తెలుగు మీడియం. గోడకు కట్టిన తాడును ఒక్కసారి కుదిపితే, ఆ కుదుపు గోడ దాకా పోయి వెనక్కి వస్తుంది. దాన్ని పరావర్తనం అంటారని నాకూ గుర్తుంది. కానీ వచ్చేటప్పుడు తలకిందులై వస్తుందట. ఆ తలకిందులు కావడం కూడా 'పరావర్తనం' అనే మాటలోనే ఉందా, విడిగా చెప్పాలా?

పాలమూరు నుంచి:
దీనికి ఇంత టెన్షన్ ఎందుకన్నా, 'ఉల్టా వచ్చింది' అంటే సరిపోతది.

నల్లగొండ నుంచి:
సరిపోదు. 'సగం దారి పోయి ఉల్టా తిరిగిండు' అంటాం, అక్కడ మనిషి తలకిందులు కాలేదు కదా. 'తిరుగు'తోనూ ఇదే పేచీ. తిరిగి రావడం వేరు, తిరగబడడం వేరు. సంస్కృతం 'పరావర్తనం'లో ఉన్నది వెనక్కి మళ్లడం ఒక్కటే. తిరగబడడం సంగతి తాడు కొసను ఎలా కట్టామో దాన్ని బట్టి ఉంటుంది.

కొంచెం ఓపిక పట్టండి, లెక్క చెబుతాను. తాడుకు రాసే తరంగ సమీకరణం భావం ఇది: తాడులో ఒక చోట వంపు ఎంత ఎక్కువైతే అక్కడ త్వరణం అంత ఎక్కువ, ఆ నిష్పత్తి తరంగ వేగం వర్గం. 1747లో ఫ్రెంచి గణితవేత్త డాలంబెర్ దీనికి సాధన చూపించాడు. కుడికి పోయే ఒక ఆకారం, ఎడమకు పోయే ఇంకో ఆకారం, ఈ రెంటి మొత్తమే తాడు కదలిక. ఆ రెండో ఆకారం ఎలా ఉండాలో మాత్రం సమీకరణం చెప్పదు, కొస దగ్గరి షరతు చెబుతుంది.

కొస గోడకు బిగించి ఉంటే అక్కడ స్థానభ్రంశం, అంటే ఉన్న చోటు నుంచి జరిగిన దూరం, ఎప్పుడూ సున్నా. పోయే కుదుపు ఆ బిందువును 2 సెంటీమీటర్లు పైకి లేపబోతే, వచ్చే కుదుపు అదే క్షణాన 2 సెంటీమీటర్లు కిందికి లాగాలి. ప్రతి క్షణం ఇంతే. అందుకే తిరిగొచ్చే ఆకారం ముందు మైనస్ గుర్తు పడుతుంది. ఇది తిరిగి వస్తుంది, తిరగబడి కూడా వస్తుంది.

అదే కొసను నున్నటి కడ్డీ మీద జారే తేలికపాటి రింగుకు కడితే షరతు మారుతుంది. అక్కడ సున్నా కావలసింది తాడు వాలు. లెక్క చేస్తే ప్లస్ గుర్తు వస్తుంది. కొస 4 సెంటీమీటర్ల దాకా ఎగిరి, కుదుపు సీదాగా వెనక్కి వస్తుంది. ఇదీ పరావర్తనమే, తిరగబడడం మాత్రం లేదు.

మధ్యరకం కూడా ఉంది. సన్నతాడుకు, మీటరుకు 9 రెట్లు బరువుండే తాడును ముడివేసి సన్నతాడు వైపు నుంచి కుదిపితే, సగం ఎత్తున్న కుదుపు తిరగబడి వెనక్కి వస్తుంది, సగం ఎత్తున్నది సీదాగా ముందుకు పోతుంది. శక్తిలో మాత్రం పావు వెనక్కి, ముప్పావు ముందుకు. బరువు తాడు వైపు నుంచి కుదిపితే వెనక్కొచ్చేది తిరగబడదు.

పాలమూరు నుంచి:
మరి మా 12 మెట్ల కిన్నెర సంగతేంది సార్?

నల్లగొండ నుంచి:
తీగను నొక్కిపెట్టిన మెట్టే ఒక గోడ, రెండో కొస ఇంకో గోడ. ఒక కొసలో తిరగబడ్డది రెండో కొసలో మళ్లీ తిరగబడి సీదా అవుతుంది. తీగ పొడవుకు రెండింతల దూరం పోయొచ్చేసరికి మొదటి ఆకారమే మిగులుతుంది. ఆ పోయొచ్చే కాలమే శ్రుతిని నిర్ణయిస్తుంది. మెట్టు మారితే పొడవు మారుతుంది, స్వరం మారుతుంది.

దేవరకొండ నుంచి:
అయితే 'గట్టి గోడ అంటే తిరగబడుతుంది' అని రాసుకోవచ్చా సార్? చెరువు తూము గోడకు కొట్టిన అల నాకెప్పుడూ తిరగబడినట్టు కనిపించలేదు.

నల్లగొండ నుంచి:
రాసుకోవద్దమ్మా, మీరు చూసిందే నిజం. నిలువు గోడ ఆపేది నీటి అడ్డకదలికను. ఎత్తుకు అడ్డేమీ లేదు, గోడ వెంట నీళ్లు పైకి లేస్తాయి. అందుకే గోడ దగ్గర ఎత్తు రెట్టింపై, శిఖరం శిఖరంగానే వెనక్కి వస్తుంది. వాలుగా రాళ్లు పరిచిన కట్ట మీదైతే అల విరిగి చాలా శక్తి అక్కడే పోతుంది, అది వేరే లెక్క.

మీ గుట్ట ముందు నిలబడి చప్పట్లు కొట్టినా ఇదే కథ. 20 డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. చెవికి రెండు చప్పుళ్లు విడిగా తెలియాలంటే మధ్యలో సుమారు సెకనులో పదో వంతు ఉండాలి, కాబట్టి పోయి రావడానికి అంత పట్టేలా కనీసం 17 మీటర్ల దూరం ఉంటే ప్రతిధ్వని విడిగా వినిపిస్తుంది. రాతిని తాకిన ధ్వనిలో పీడనం సీదాగా తిరిగొస్తుంది, గాలి కణాల స్థానభ్రంశం తిరగబడుతుంది. గోడ ఒకటే, అల ఒకటే, జవాబులు రెండు! వేణువు తెరిచిన కొసలో గోడే లేదు, అయినా ధ్వని అక్కడినుంచీ వెనక్కి వస్తుంది. అక్కడ తిరగబడేది పీడనం.

పాలమూరు నుంచి:
అంటే నా 'ఉల్టా' ఉంచుకోవచ్చు.

నల్లగొండ నుంచి:
ఉంచుకోండి, ఏది ఉల్టా అయిందో ముందు చెప్పి. 'పరావర్తనంలో స్థానభ్రంశం తిరగబడింది' అంటే పేచీ లేదు. మిర్యాలగూడ అన్నకు ఒక మాట: దీన్నే పాఠాల్లో '180 డిగ్రీల దశాభేదం' అని కూడా అంటారు. దశ అంటే ఊగడంలో అల ఏ ఘట్టంలో ఉందో చెప్పే కొలత, 180 డిగ్రీలంటే సగం ఊపు తేడా. ఆగకుండా ఊగే సైన్ తరంగానికి అది సరిపోతుంది. తాడు మీద పోయే ఒక్క కుదుపుకు విడిగా దశ అంటూ ఉండదు, అక్కడ 'తిరగబడింది' అన్న మన మాటే సరైనది. పరీక్షలో అమ్మాయి రెండూ రాస్తే ఇంకా మంచిది.