అఫ్గానిస్తాన్ 'బచ్చా పోష్': ఆడపిల్లకు స్వేచ్ఛా, ఇంటికి అవసరమా?

నల్లేరు:
అఫ్గానిస్తాన్‌లో కొడుకుల్లేని కొన్ని ఇళ్లలో ఒక ఆడపిల్లకు క్రాపు చేయించి, మగపిల్లాడి బట్టలు తొడిగి, మగ పేరుతో పెంచుతారు. అక్కడి దరీ భాషలో దీన్ని 'బచ్చా పోష్' అంటారు, అంటే మగపిల్లాడి వేషం వేసుకున్నది అని. ఆ పిల్ల బజారుకెళ్లి సరుకులు తెస్తుంది, వీధిలో బంతాడుతుంది, అక్కలకు తోడెళ్తుంది. ఈడేరే వయసుకు మళ్లీ ఆడపిల్లను చేసేస్తారు. ఆ కొన్నేళ్ల స్వేచ్ఛయినా మేలే కదా?

గోదారిగట్టు:
స్వేచ్ఛ ఎవరికండీ? బయటి పనులకు మనిషి కావాలి, 'కొడుకు లేడా' అనేవాళ్ల నోరు మూయించాలి. పైగా ఇలా చేస్తే తర్వాతి కాన్పులో మగపిల్లాడు పుడతాడని ఓ నమ్మకం! ఇందులో పిల్ల కోసం చేసిందేమిటి?

నల్లేరు:
1996-2001 మధ్య తాలిబన్ పాలనలో దగ్గరి మగబంధువు తోడు లేనిదే ఆడవాళ్లు బయట తిరగడానికి వీల్లేదు. మగదిక్కు లేని ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? 2021లో వాళ్లు తిరిగొచ్చాక ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేదు, 72 కిలోమీటర్లు మించిన ప్రయాణానికి మగతోడు ఉండాల్సిందే. మనం ఇక్కడ కూర్చుని తప్పుపట్టడం తేలికే.

పాతబస్తీ చాయ్:
మన హైదరాబాద్‌లో 'వాడో బచ్చా' అని తీసిపారేస్తాం. అక్కడ ఆ మాటకు మామూలుగా పిల్లాడు, కొడుకు అనే అర్థం, కానీ ఎగతాళికీ వాడారు. 1929లో కొన్ని నెలలు కాబూల్‌ను ఏలిన హబీబుల్లా కలకానీని గిట్టనివాళ్లు 'బచ్చా-ఎ-సఖావ్', అంటే నీళ్లు మోసేవాడి కొడుకు అని ఎగతాళి చేశారు. మగపిల్లలను ఆడించి చెరిచే 'బచ్చా బాజీ' సంగతి సరేసరి. మగపిల్లాడిగా పుట్టినంత మాత్రాన అక్కడ బతుకు భద్రమేం కాదు.

నల్లేరు:
అది వేరే చర్చండీ. పాకిస్తాన్ వజీరిస్తాన్‌లో పుట్టిన స్క్వాష్ క్రీడాకారిణి మరియా తూర్పకాయ్‌ని చూడండి. నాలుగేళ్లప్పుడు తన గౌన్లన్నీ తగలబెట్టి అన్న బట్టలు వేసుకుంది. తండ్రి కోప్పడలేదు సరికదా, చెంఘిజ్ ఖాన్ అని పేరు పెట్టాడు! అబ్బాయిలతో కలిసి బరువులెత్తింది. స్క్వాష్‌లో చేరేటప్పుడు జనన ధృవపత్రం అడగడంతో గుట్టు బయటపడింది. అయినా ఆట మానలేదు.

గోదారిగట్టు:
ఆ పిల్ల తనంతట తాను కోరుకుంది, తండ్రి చివరిదాకా వెనక నిలబడ్డాడు. అందరికీ అలా జరగదుగా. అఫ్గానిస్తాన్‌లోని బద్గీస్ రాష్ట్రం నుంచి ఎంపీగా చేసిన అజీతా రఫత్ చిన్నప్పుడు మగపిల్లాడి వేషంలో నాన్న కొట్లో పనిచేసింది. పెద్దయ్యాక అదే నాన్న ఆమెను చదువురాని బంధువుకు రెండో భార్యగా కట్టబెట్టాడు.

నల్లేరు:
అయినా ఎంపీ అయింది కదండీ! బజారు, బేరం, మగాళ్లతో మాట్లాడే ధైర్యం ఆ కొట్లోనే అబ్బి ఉండొచ్చు.

గోదారిగట్టు:
అయింది. అయ్యాక కూడా, నలుగురు కూతుళ్లే అని ఇంటికొచ్చినవాళ్లు జాలిపడుతుంటే, చిన్నకూతురికి ప్యాంటు తొడిగి కొడుకంది. పార్లమెంటులో కూర్చునే మనిషికే తప్పలేదు. దీన్ని స్వేచ్ఛ అంటే నేను ఒప్పుకోను.