మొక్కుబడిగా అంటే మనసు లేకుండనా?

పేపర్ల రోజు చూస్తనే ఉంటం, ‘అధికారులు మొక్కుబడిగా తనిఖీ చేసి వెళ్లిపోయారు’ అని. చెయ్యాలె గాబట్టి చేసిండ్రు, మనసు పెట్టలే అని అర్థం. మరి మా వరంగల్ దిక్కు మొక్కంటే గంత తేలిక ముచ్చట కాదు గదా. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు పోయేటోళ్లు జంపన్నవాగుల తానం చేసి, బెల్లం ముద్దలు నెత్తిన పెట్టుకొని గద్దెల కాడికి గంటలకొద్ది లైన్ల నడుస్తరు, పొమ్మని ఎవ్వరన్నరు? గా మాట గీ అర్థానికి ఎట్ల జారింది?

రాబడి, దిగుబడి, చెల్లుబడిల ఉన్న ‘బడి’నే ఇది. మొక్కుబడి అంటే మొదట మొక్కుకున్నదే, దేవునికి బాకీ ఉన్నదే. బాకీ అన్నంక తీర్చి చేతులు దులుపుకునుడు గూడ వస్తది, ఆడనే జారిందని నా లెక్క.

కని అందరు గట్లనే తీరుస్తరా అంటే కాదు. 2024 ఫిబ్రవరి జాతరకు మా అమ్మమ్మ, అక్క కొడుక్కు జరం తగ్గితె నిలువెత్తు బంగారం ఇస్తనని మొక్కింది (తెల్వనోళ్లకు: ఆడ బంగారమంటే బెల్లమే). కాంట మీద పిల్లగాడు ఒక్కతాన నిలవడడు, దుకాణపాయన ఎట్లనో తూకం సరిచేసిండు, అమ్మమ్మేమో ఇంకో ముద్ద ఎయ్యమన్నది. ‘సరిపాయె గదమ్మా’ అంటే ‘జాతర నాటికి వాడు ఇంకింత పెరుగుతడు, ఎయ్యి బిడ్డా’ అన్నది. బాకీ తీర్చేటోళ్లు ఎక్కువ ఎయ్యమని అడుగుతరా?

↳ అన్నా, భయం సంగతి మరిచినవ్. మా ఇంట్ల ‘ఈయేడన్న వేములవాడ పోయి కోడె కట్టకపోతే మంచిగుండదు’ అన్నరంటే ఇగ లీవుల కోసం లొల్లి, పోయి కోడెను గుడి చుట్టు తిప్పి, కట్టేసి, సెల్ఫీ దిగి, మాపటికల్ల కరీంనగర్ల బిర్యానీ. అది అసలు సిసలు మొక్కుబడి.

↳ మా ఇంట్ల మొక్కుబడిగా అనరు సార్, నామ్‌కేవాస్తే అంటరు. దవాఖానకు రెండు ఆపిల్ పండ్లు పట్టుకొచ్చి, ఫోన్ చూసుకుంట ఐదు నిమిషాలు కూసొని పోతే ‘నామ్‌కేవాస్తే వచ్చిపోయిండు’ అంటరు. రాత్రంత పక్కన కూసున్నోళ్లను ‘పానం పెట్టి చేసిన్రు’ అంటరు.

↳ బిర్యానీ ముచ్చటకు నవ్వాగలే తమ్మీ. భయం మా అమ్మమ్మకు గూడ ఉండె, తూకం తక్కువొస్తే అమ్మోరు ఏమనుకుంటదో అని. భయమున్నంత మాత్రాన పానం పెట్టలేదనలేం గదా. నామ్‌కేవాస్తే అన్నది మాత్రం కరెక్ట్ సార్, పేపరోళ్లు గదే రాస్తే మొక్కుకు ఈ మాటపడుడు తప్పుతుండె.